ల్యాంప్‌రూం కిటికీ ముందు ఒక్క టేకు

నిర్మాతగా నా పేరు తెర మీద పడిన మొదటి టీవీ సీరియల్ కోసం, తొంభైల మొదట్లో, ఒక్క రోజు పని మీద గోదావరిఖని వెళ్ళాను. అప్పటికి ఎనిమిదేళ్ళుగా ఇతరుల టీవీ నాటకాలకు దుస్తులు చూస్తూ, నటులను వేళకు స్టూడియోకు చేరుస్తూ ఈ పని నేర్చుకున్నాను. మా కథలో బొగ్గుగని పైకప్పు కూలుతుంది, లోపలున్నవారి కోసం ఆడవాళ్ళు బయట ఎదురుచూస్తారు. హైదరాబాదులోనే సెట్ వేసి తీద్దామన్నారు దర్శకుడు. ఆయన వయసులోనూ పేరులోనూ నాకంటే చాలా పెద్ద. అసలు గని దగ్గరే తీయాలని పట్టుబట్టింది నేను. కాబట్టి ఏది చెడినా జవాబు చెప్పుకోవలసిందీ నేనే.

తెల్లవారుజామున సికింద్రాబాదులో రైలెక్కి పదింటికల్లా రామగుండంలో దిగాం. కెమెరాతో యూనిట్‌ను జీపులో ముందు పంపి, నేను షేర్ ఆటో ఎక్కాను. గోదావరిఖనికి మనిషికి మూడు రూపాయలు. షూటింగని తెలిసి డ్రైవరు నవ్వాడు. "మా బొగ్గు బాయిల సినిమా ఎవలు చూస్తరక్కా? హీరోయిన్ మొకం గూడ నల్లగైతది." అంటూనే దారిలో ఓపెన్‌కాస్ట్ గని కనిపించే చోట ఆటో ఆపాడు. ఊరికి ఊరే పట్టేంత గొయ్యి. అడుగున తిరుగుతున్న డంపర్లు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. ఆటోలో అందరూ నా ముఖమే చూస్తున్నారని కాసేపటికి గాని గమనించలేదు.

గని ఆవరణలో మా వంటపని గని కార్మికులుండే సెంటినరీ కాలనీ మరియమ్మది. భర్త గనిలో చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు కొడుకు ఇదే గనిలో చేస్తున్నాడు. ఆమె పెట్టిన పచ్చిపులుసు, కోడిగుడ్ల కూర తిని పన్నెండున్నరకు రిహార్సల్ మొదలుపెట్టాం. మా నటీమణులు గుండెలు బాదుకుంటూ ఏడుస్తుంటే మరియమ్మ గరిటె కింద పెట్టి నా దగ్గరికొచ్చింది.

"గట్ల ఏడ్వరు బిడ్డా. మనిషి ఏమైండో తెల్వకముందే ఎందుకేడుస్తరు?"

"మరి ఏం చేస్తారవ్వా?"

"గా కిటికీ కాడికి పోయి నంబరడుగుతం."

ఆ కిటికీ ల్యాంప్‌రూంది. లోపలికి దిగే ప్రతి మనిషికీ నంబరున్న ఒక టోపీ లైటు ఇస్తారు. పైకి రాగానే దాన్ని తిరిగి ఇచ్చేయాలి. లైటు తన చోట ఉంటే మనిషి పైకి వచ్చినట్టు.

నేనింకా ఆ మాట దగ్గరే ఉన్నాను. ఇంతలో దర్శకుడు సైరన్ మోగించాలన్నారు. మరియమ్మ నా చెయ్యి పట్టుకుంది. "షిఫ్టు టైం గాకుండ సైరన్ మోగితే కాలనీ మొత్తం ఉరికొస్తది బిడ్డా. చెప్పుల్లేకుండ ఉరికొస్తరు."

"ముందే కబురు పంపిద్దాం," అన్నారు దర్శకుడు.

"ఎందరికని చెప్తరు సారూ?"

సైరన్ వద్దన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "సైరన్ లేకపోతే సీనే లేదు. నువ్వే తీసుకో," అని స్క్రిప్టు నా చేతిలో పెట్టి ఆయన జీపులో కూర్చున్నారు. అద్దె కెమెరా సాయంత్రం రైలుకే తిరిగి వెళ్ళాలి. "అవ్వా, నంబరు నువ్వే అడుగుతావా?" అన్నాను. మరియమ్మ చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. చూడటానికొచ్చిన కాలనీ ఆడవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే ఆమె వెనక వచ్చి నిలబడ్డారు.

ల్యాంప్‌రూంలో లైట్లిచ్చే యూసుఫ్‌ను 'రాలే' అని ఒక్క మాట అనమన్నాను. కెమెరా తిరిగింది.

"యూసుఫ్ తమ్మీ, రెండు వందల పదిహేడు వచ్చిందా?"

యూసుఫ్ వెనక్కి తిరిగి లైట్ల వరుసలు చూశాడు. "వస్తదక్కా. ఇంకా టైం కాలే," అన్నాడు చివరికి. మరియమ్మ కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడింది. వెనక ఒక్కరూ కదల్లేదు, ఒక్కరూ ఏడవలేదు. కట్ చెప్పాల్సింది నేనేనని మర్చిపోయాను.

తర్వాత యూసుఫ్‌ను అడిగాను, "నేను చెప్పమన్నది వేరే కదా అన్నా?"

"గది ఆమె కొడుకు నంబరు మేడమ్. పొద్దుగాల నేనే లైటిచ్చిన. ఇప్పుడు లోపటున్నడు. రాలే అని ఎట్ల అంట?"

"వేరే నంబరు నాకు యాదికి రాలే బిడ్డా," అంది మరియమ్మ నెమ్మదిగా.

మూడింటికి మొదటి షిఫ్టు పైకి వచ్చింది. బొగ్గు పట్టిన ముఖాల్లో కళ్ళు, పళ్ళు మాత్రమే తెల్లగా, వందలమంది. కిటికీలోంచి లైట్లు ఒకటొకటే లోపలికి వెళ్తుంటే ఖాళీ వరుసలు నిండుతున్నాయి. ఏమీ తెలియని ఆ కొడుకు తన లైటిచ్చి, "ఏందమ్మా, నువ్వీడున్నవ్?" అన్నాడు. "ఏం లేదు పా, అన్నం తిందువు," అందామె. నా వెనక దర్శకుడి గొంతు వినిపించింది. ఎప్పుడు జీపు దిగారో! "ఇది కూడా తియ్యి," అన్నారు కెమెరామన్‌తో.

రచయితను ఒప్పించి కథ మార్చాం. మా సీరియల్లో చనిపోవలసిన ఆ గని కార్మికుడు బతికి బయటపడ్డాడు. ఆ కిటికీ షాట్ కత్తిరించకుండా ప్రసారమైంది, నాకు తర్వాతి పని తెచ్చింది. ఆపైన చాలా నాటకాలు, రెండు సినిమాలు తీశాను. పెద్ద సెట్లు వేశాను, పేరున్నవాళ్ళతో పనిచేశాను. కానీ నేను 'యాక్షన్' అన్న తర్వాత నా కళ్ళముందు జరిగినదాన్ని చూసి అలా నోట మాట రాకుండా నిలబడింది ఆ ఒక్కసారే. భయాన్ని అంత మామూలుగా మోస్తూ, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళి గరిటె పట్టుకోవడం ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

మీరు గోదావరిఖని వెళ్తే ఒక్క మాట. గని చూడటానికి అనుమతి ముందే తీసుకోండి, అది అందరూ చెప్పేదే. కాలనీలో ఎవరింటికైనా పగలు వెళ్ళేముందు మాత్రం ఆ ఇంటి మనిషిది ఏ షిఫ్టో కనుక్కోండి. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుని ఉంటే తలుపు తట్టకండి.