గడ్డపార మీద బిందెడు నీళ్ళు

పాల్మాకులలో మొగులయ్య ఇంటి వెనక, కుళాయి పక్కన, ఒక షాబాద్ బండ పరిచి ఉంటుంది. దాని మీద ఎవరూ బట్టలు ఉతకరు, గిన్నెలు తోమరు. అడుగు పెడితే మొగులయ్య ఊరుకోడు. మనుమరాలు ప్రియదర్శిని ఒకసారి దాని మీద తొక్కుడు బిళ్ళ గళ్ళు గీసుకుంటే, పిల్ల మీద ఎన్నడూ గొంతెత్తని ముసలాయన గుడ్లురిమాడు. కింద లంకెబిందెలు దాచాడేమోనని వాడకట్టు వాళ్ళు నవ్వుకున్నారు. లంకెబిందెలూ లేవు, పాడూ లేదు. బండ కింద ఉన్నది జానెడు వెడల్పు బొక్క, అంతే.

మొగులయ్య చదువుకున్నది లేదు గానీ కరెంటు పని చేతికి అబ్బింది. పొలం ఉన్నన్నాళ్ళూ మోటారు, స్టార్టరు తనే విప్పి తనే బిగించుకునేవాడు. ఆ పొలం ఎయిర్‌పోర్టు రోడ్డు కింద పోయాక, సేద్యపు సామాన్లలో ఒక్క గడ్డపార మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. గాలివానకు న్యూట్రల్ తీగ తెగినప్పుడల్లా దానికి పని పడేది. అప్పుడు కరెంటు వచ్చే తీగ బాగానే ఉంటుంది, తిరిగి పోయే తీగ ఉండదు. దీపం వెలగదు, ఫ్యాను తిరగదు. లైన్‌మన్ వచ్చేసరికి ఒక్కోసారి రెండు రోజులు. అంతదాకా ఆ ఉక్కలో ఎవడు ఉడుకుతాడు? మొగులయ్య గడ్డపారను నేలలో దిగ్గొట్టి, దానికో తీగ చుట్టి, కరెంటుకు మన్నులోంచి దారి చూపించేవాడు. మన్ను ఎంత తడిగా ఉంటే ఫ్యాను అంత జోరు. అందుకని గడ్డపార మొదట్లో రోజూ బిందెడు నీళ్ళు.

ఇంత తెలిసినవాడికి, ఆ ఇనుములోంచి, ఆ తడి మన్నులోంచి పోయేది కూడా మనిషిని కొట్టే కరెంటేనని తెలియదా? ఎందుకు తెలియదు, తెలుసు. ఏం కాదులే అనుకున్నాడు. ఎన్నో ఏళ్ళు నిజంగానే ఏమీ కాలేదు, అదే అతని కొంప ముంచింది. వాడకట్టంతా మొగులన్నా మొగులన్నా అని పిలిచి ఎర్త్ కొట్టించుకుంటుంటే ఎవరికి మాత్రం తల తిరగదు!

నాలుగేళ్ళ కిందట, మే నెలలో, తెగింది ఊరి తీగ కాదు. స్తంభం నుంచి వాళ్ళింటికి వచ్చే సర్వీసు తీగలో న్యూట్రల్ ఒక్కటే తెగింది. కొడుకు గోవర్ధన్ అప్పటికే ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళ ప్రియదర్శిని తుక్కుగూడలో అమ్మమ్మ ఇంట్లో ఉంది. ఇంట్లో ఉన్నది మొగులయ్య, కోడలు నిర్మల. గోవర్ధన్ ఆ వేసవికే జల్‌పల్లి నుంచి ఒక పాత ఇనుప కూలర్ తెచ్చి వెనక కిటికీకి ఆనించి పెట్టాడు. మొగులయ్య ఆ కూలర్‌కూ కుళాయికీ మధ్య గడ్డపార దిగ్గొట్టి, లోపలికొచ్చి మంచం మీద వాలాడు.

సాయంత్రం నిర్మల ఉతికే బట్టలు పక్కన పెట్టి, తడి కాళ్ళతోనే బిందె అందుకుంది. వెనక నుంచి కేకేసింది.

"మామా, ఫ్యాను జోరైందా?"

"ఇంకింత పొయ్యి బిడ్డా," అన్నాడు.

ఇంటి మీదుగా విమానం పోయింది. ఆ మోతలో ఇంకేమీ వినబడలేదు. మోత తగ్గేసరికి ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఒంటికి చల్లగా తగిలింది. హమ్మయ్య, ఇప్పుడు బాగుంది అనుకున్నాడు మొగులయ్య. ఆ హమ్మయ్య అనుకున్న క్షణమే ఈనాటికీ అతన్ని పట్టి పీడిస్తోంది. కోడలి ప్రాణం పోతుంటే తను గాలికి కళ్ళు మూసుకున్నాడు.

ఎంతకీ చప్పుడు లేకపోయేసరికి లేచి చూశాడు. నానిన మన్నులో గడ్డపార ఒరిగిపోతుంటే సరిచేయబోయినట్టుంది, నిర్మల చెయ్యి దాని మీదే ఉంది. పరుగెత్తి మెయిన్ తీశాడు. పేరు పెట్టి పిలిచాడు, కుదిపాడు. ఆమె పలకలేదు. అప్పుడు మొగులయ్య చేసిన పని ఎవరూ చేయరాదు. తీగ విప్పి, గడ్డపార పీకి కట్టెల వెనక పడేసి, ఆ తర్వాతే నలుగురినీ పిలిచి ఏడ్చాడు.

వచ్చినవాళ్ళకు కనబడింది ఇనుప కూలర్, దొర్లిన బిందె, తడిసిన మనిషి. కూలర్‌లో నీళ్ళు పోయబోయింది, అదే కొట్టింది అన్నారు. మొగులయ్య అవుననలేదు, కాదనలేదు. తెగిన తీగను తనే అతికించుకున్నాడు. మూడోనాడు గోవర్ధన్ అతని దగ్గరికొచ్చి, "బాపు, గడ్డపార ఏడున్నది?" అని అడిగాడు. కట్టెల వెనక నుంచి తీసుకొచ్చి చేతికిచ్చాడు. కొడుకు ఆ గడ్డపారతోనే కూలర్‌ను తుక్కుతుక్కు చేస్తుంటే గోడకు ఆనుకొని చూశాడు.

ఆనాటి నుంచి గోవర్ధన్ నవ్వగా చూసినవాళ్ళు లేరు. మళ్ళీ పెళ్ళి మాటెత్తితే, ఒకదాన్ని నా చేతులతో చంపుకున్నది చాలదా, ఆ కూలర్ తెచ్చింది నేను కాదా అంటాడు. అప్పుడల్లా మొగులయ్య లేచి బయటికి పోయేవాడు. నిజం చెబితే ఉన్న ఒక్క కొడుకూ దూరమవుతాడని భయం. చెప్పకపోతే వాడు లోపల్లోపలే కుమిలి చస్తున్నాడు. సాయంత్రం పూట ఇంటి మీదుగా విమానం పోయిందంటే చాలు, మామా జోరైందా అని వెనక నుంచి వినబడేది. ఫ్యాను ఆపేసి చెమటల్లో కూర్చునేవాడు.

ఈ మేలో వడగళ్ళ వాన పడి వాడకట్టు మొత్తానికి న్యూట్రల్ పోయింది. పక్కింటి శేఖర్ వచ్చి ఎర్త్ కొట్టమని బతిమాలాడు. నడుము నొప్పి అని మొగులయ్య తప్పించుకున్నాడు. నాలుగేళ్ళుగా చెబుతున్న నొప్పే అది. చెమటకాయలతో అల్లాడుతున్న కూతుర్ని చూసి గోవర్ధన్ లేచాడు.

"నీకు శాతగాకుంటే నేను కొడత తియ్ బాపు. సిన్నప్పటి సంది సూస్తలేనా."

వద్దురా అనబోయాడు మొగులయ్య. ఎందుకు వద్దో చెప్పాల్సి వస్తుందని ఆగిపోయాడు. ఎప్పుడూ ఎర్త్ కొట్టే చోటు అదే కదా అని గోవర్ధన్ బండ పక్కకు నెట్టాడు. కింద బొక్క సిద్ధంగానే ఉంది. గడ్డపార ఒక్క దెబ్బకు దిగింది. తీగ కలిపాడు, మెయిన్ వేశాడు. ఫ్యాను నీరసంగా కదిలింది. బిందె తెమ్మని కూతురికి చెప్పి, తనూ వెనక్కి వెళ్ళాడు. మొగులయ్య మంచం పట్టె పట్టుకొని కూర్చున్నాడు.

"తాతా, ఫ్యాను జోరైందా?"

ఈసారి వినబడింది భ్రమ కాదు. అరవై ఏడేళ్ళ మనిషి ఎగిరి మెయిన్ లాగేశాడు. బయటికి వచ్చేసరికి ప్రియదర్శిని వట్టి కాళ్ళతో తడి మన్నులో నిలబడి ఉంది. చేతిలో బిందె సగం ఖాళీ అయింది. ఏమైంది బాపు అని గోవర్ధన్ అడుగుతున్నాడు. మొగులయ్య పిల్లను రెక్క పట్టి అవతలికి లాగాడు.

"కూలర్ గాదు కొడుకా," అన్నాడు. "నిర్మలను సంపింది గిదే. గీ గడ్డపారనే. నేనే దిగ్గొట్టిన. అందరు రాకముందే పీకి దాసిపెట్టిన."

గోవర్ధన్ గడ్డపార వంక చూశాడు, తండ్రి వంక చూశాడు.

"కూలర్ పలగ్గొట్టెతందుకు దీన్ని నువ్వే గద బాపు తెచ్చిచ్చింది," అన్నాడు.

"నేనే కొడుకా."

కొడితే బాగుండునని మొగులయ్య నిలబడ్డాడు. గోవర్ధన్ కొట్టలేదు. పక్కకు నెట్టిన బండ మీద కూలబడి, నాలుగేళ్ళలో మొదటిసారి బావురుమన్నాడు.

ప్రియదర్శిని బిందె కింద పెట్టింది.

"తాతా, అమ్మకు వద్దని చెప్పలేదా నువ్వు?"

చెప్పానని అనేయొచ్చు. అడ్డం చెప్పడానికి ఇంకెవరున్నారు?

"చెప్పలే బిడ్డా," అన్నాడు మొగులయ్య. "ఇంకింత పొయ్యమన్న."