నా తప్పు ఒకటి చెప్పమన్నారు

అరకు దగ్గర ఒక హాస్టల్ బడిలో తెలుగు టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి రమ్మన్నారని తెలియగానే మా రూమ్మేట్ వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపింది. నిండా కష్టమైన ప్రశ్నలు, వాటికి తెలివైన జవాబులు. పార్వతీపురంలో మేముండే గదిలో అద్దం ముందు నిలబడి వారం రోజులు బట్టీ పట్టాను. పిల్లలు బట్టీ పడితే ఊరుకోని మనిషిని, నా దాకా వచ్చేసరికి ఆ పట్టింపులన్నీ గాలికి పోయాయి.

అంతకుముందు కురుపాం దగ్గర ఒక చిన్న ప్రైవేటు హాస్టల్ బడిలో మూడేళ్లు చేశాను. అది మూతపడి ఆరు నెలలైంది. అప్పటికే రెండు ఇంటర్వ్యూలు పోయాయి. ఇదీ పోతే బొబ్బిలి వెళ్లి అన్నయ్య బట్టల కొట్లో కూర్చోవడమే. వదిన ఆ మాట రెండుసార్లు అనేసింది కూడా. అనడంలో తప్పేం లేదు, కానీ నాకు ఒళ్లు మండింది.

ఇంటర్వ్యూ పిల్లలు అన్నాలు తినే రేకుల షెడ్డులో పెట్టారు. బల్ల వెనక ముగ్గురు. బడి నడిపే కరస్పాండెంటు, ఒక రిటైర్డు తెలుగు లెక్చరరు, తల్లిదండ్రుల కమిటీ తరఫున ఒకావిడ. ఆవిడకు కొండ మీద కాఫీ తోట ఉందని, ఇద్దరు పిల్లలు అక్కడే చదువుతున్నారని కరస్పాండెంటు చెప్పారు. ఆవిడ ముందున్న కాగితం మీద ఏమీ రాయలేదు.

మొదట్లో బాగానే సాగింది. తెలుగు రాని పిల్లలకు తెలుగు ఎలా చెబుతారంటే చెప్పాను. క్లాసులో అల్లరి ఎలా అదుపు చేస్తారంటే చెప్పాను. అప్పుడు లెక్చరరు గారు కళ్లజోడు తీసి, టీచరుగా మీరు చేసిన తప్పు ఒకటి చెప్పమన్నారు. పీడీఎఫ్‌లో పదకొండో ప్రశ్న. పనిలో పడితే నాకు టైము తెలియదండీ, అదే నా తప్పు అని గడగడా చెప్పేశాను.

ఆయన నవ్వారు. "పొద్దున్నుంచి ఈ జవాబు చెప్పినవాళ్లలో మీరు నాలుగోవారమ్మా. అది తప్పు కాదు, గొప్ప. తప్పు చెప్పండి."

తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పోయిందనుకున్నాక భయం కూడా పోయింది. ఎవరికీ చెప్పని సంగతి చెప్పడం మొదలుపెట్టాను.

కురుపాం బడిలో నాదొక రూలు ఉండేది. క్లాసులోకి అడుగు పెడితే తెలుగే. పిల్లల ఇంటి భాష సవర, ఆ మాట నోట వస్తే నిలబడాలి. అలా అయితేనే తెలుగు బేగి వస్తుందని నా నమ్మకం, ఆ రూలు మీద నాకు గర్వం కూడా ఉండేది. రెండో తరగతిలో ఒక పాప నా బల్ల దగ్గరకు వచ్చి చెంప మీద చెయ్యి పెట్టుకుని సవరలో ఏదో అంది. తెలుగులో చెప్పు అన్నాను. కాసేపు నిలబడి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది, మళ్లీ అదే మాట అన్నాను. మూడో రోజు పొద్దున తలగడ మీద చీము చూసి ఆయా పరుగెత్తుకొచ్చింది. పిల్లను పార్వతీపురం ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎడమ చెవి ఇక అంతంత మాత్రమే అన్నారు డాక్టరు. ఆ రాత్రే పాప అమ్మా నాన్నా వచ్చి ఆసుపత్రి నుంచే ఇంటికి తీసుకుపోయారు. పాప మళ్లీ బడికి రాలేదు.

ఆ తర్వాత ఏం మార్చుకున్నారని లెక్చరరు గారు అడిగారు. నొప్పికి, జ్వరానికి, ఆకలికి సవర మాటలు ఆయా దగ్గర నేర్చుకున్నానని, కొత్త పిల్లలు ముందు వాళ్ల మాటలో చెప్పుకున్నాకే తెలుగు మాట అందించేదాన్నని చెప్పాను. అదంతా నిజమే. చెబుతూంటే కరస్పాండెంటు పెన్ను తీసి రాసుకోవడం చూశాను. నా గొంతు చక్కగా పలుకుతోందని, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతున్నానని నాకే తెలుస్తోంది.

అప్పటిదాకా నోరు మెదపని కాఫీ తోట ఆవిడ అడిగింది.

"ఆ గుంట ఇప్పుడెలాగుంది, టీచరమ్మా?"

పాప ఎలా ఉందో తెలీదన్నాను. ఎన్నాళ్లయిందంది. ఏడాదిన్నర అన్నాను. ఆవిడ తలూపింది. ఇంకేదైనా అడిగితే బాగుండుననిపించింది నాకు.

నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది. సెలక్టయ్యారు, జూన్‌లో చేరండి, మీ నిజాయితీ మాకు నచ్చింది అన్నారు కరస్పాండెంటు. రూమ్మేట్ మిఠాయి తెచ్చింది. నాకు సంతోషంగానే ఉంది, సిగ్గుగా కూడా ఉంది. ఆ పిల్ల చెవిని చూపించి ఉద్యోగం తెచ్చుకున్నాను. పీడీఎఫ్ జవాబు చెప్పి తెచ్చుకున్నా ఇంత సిగ్గు ఉండేది కాదు.

చేరేలోపే ఆ పాప ఊరు వెళ్లాను. కురుపాం నుంచి ఆటో ఎంతవరకు పోతే అంతవరకు పోయి, మిగతాది నడిచాను. పాప తల్లి ఇంటి ముందు జీడిపిక్కలు ఎండబోస్తోంది. నన్ను గుర్తుపట్టి గబగబా పీట తెచ్చి వేసింది. పాప పొడుగైంది. తల్లి ఎడమ పక్క నుంచి పిలిస్తే తిరగలేదు. తల్లి మామూలుగా కుడి పక్కకు నడిచి వెళ్లి మళ్లీ పిలిచింది. ఇప్పుడు ఊరి బడికే వెళ్తోందట.

మళ్లీ మా బడికి ఎందుకు పంపలేదని అడిగాను. ఆవిడ పిక్కలు సర్దుతూనే చెప్పింది.

"సెప్పకండా ఆసుపత్రి నుంచి పిల్లని పట్టుకొచ్చీసినాం గదా. మీకు కోపమొచ్చినాది గావాల అనుకున్నాం. ఎవులూ రానేదు మరి. తప్పు మాదే అనుకున్నాం."

ఏడాదిన్నర వాళ్లు అలా అనుకుంటూ ఉన్నారు. తప్పు మీది కాదు, నాది అన్నాను. పాప రెండుసార్లు వచ్చి చెప్పినా తెలుగులో చెప్పమని నేను పంపేశానన్నాను. అరకులో అంత బాగా వచ్చిన మాటలు అక్కడ ముక్కలు ముక్కలుగా వచ్చాయి, సగంలో ఏడుపొచ్చింది. ఆవిడ పిక్కలు సర్దడం ఆపింది. పాపను దగ్గరకు తీసుకుని జుట్టు సవరించింది. ఆ తర్వాత, ఇప్పుడు ఏ బడిలో చేస్తున్నావని అడిగింది.

అరకులో ఉద్యోగం వచ్చిందని చెప్పాను. ఎలా వచ్చిందో చెప్పలేదు.