పొర మీది కరెంటు

మా ఇంట్లో నా పరిశోధనకు పెట్టిన పేరు ‘కరెంటు చదువు’. అనంతపురం యూనివర్సిటీ ల్యాబులో నా పని ఒక నల్లటి స్ఫటికాన్ని సెల్లోటేపుతో పొరలు పొరలుగా ఒలవడం. కంటికి ఆనని ఆ పొరకు వెంట్రుక కన్నా సన్నని తీగలు అంటించి, కరెంటు పంపి, అది ఎంత అడ్డుకుంటుందో కొలవాలి. ఈ స్ఫటికానిది వింత గుణం. బాగా చల్లబరిస్తే లోపలి భాగం కరెంటును దాదాపు ఆపేస్తుంది. పైపైన మాత్రం హాయిగా పారనిస్తుంది. దాన్ని నా కళ్ళతో చూడాలని ఆశ.

ఎండలు ముదిరేసరికి నా పొరలు వరసగా చచ్చిపోసాగాయి. పొద్దున బాగున్నది, మధ్యాహ్నం మీటరుకు తగిలించబోతే పోయేది. మైక్రోస్కోపులో చూస్తే కాలిన మచ్చ. నా పరిశోధనకు గైడుగా ఉన్న మేడం, "చేయి వణుకుతాందేమో చూసుకో పాపా" అన్నారు. కాఫీ మానేశాను. అయినా లాభం లేదు.

అప్పుడే మా చిన్నమ్మ కుందుర్పి నుంచి కంటి పరీక్షకు వచ్చి, నన్ను చూద్దామని ల్యాబుకు వచ్చింది. చేతిసంచి అందుకోబోయాను. వేళ్ళు తగిలాయో లేదో, టప్పుమని ఇద్దరికీ చురుక్కుమంది. చిన్నమ్మ సంచి వదిలేసి ఎగిరి గంతేసింది.

"అబ్బా! ఏమే, నీ ఒంట్లోకి గూడా కరెంటు ఎక్కించినారా ఈడ?"

నవ్వబోయి ఆగిపోయాను. నా ఒంటి మీద పాలిస్టర్ చుడీదార్, కింద ప్లాస్టిక్ కుర్చీ, గదిలో చుక్క తేమ లేని గాలి. రాపిడికి నా ఒంట్లోనే కరెంటు పోగవుతోందన్నమాట. నా వేలికి చురుక్కుమన్నది ఆ పొరకు పిడుగే. "దొరికింది చిన్నమ్మా!" అని ఆమెను పట్టుకోబోయాను.

"దూరముండి చెప్పు" అంటూ ఆమె వెనక్కి జరిగింది.

మరునాటి నుంచి నూలు బట్టలే కట్టాను. మణికట్టుకు ఎర్త్ తీగ చుట్టుకున్నాను. కిటికీలకు తడి గోనెపట్టాలు వేలాడదీశాను. కొత్త పొర బతికింది.

కళ్ళద్దాలు తీసుకోవడానికి చిన్నమ్మ మళ్ళీ వచ్చిన రోజే ఆ పొరను ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తున్నాను. ఆమె నా పక్కన స్టూలు మీద కూర్చుంది. పొర ఎంత అడ్డుకుంటోందో చూపే గీత తెర మీద పైకి పైకి పోయింది. లోపలి దారి మూసుకుంటోంది. తర్వాత మెల్లగా వంగి, చదునుగా సాగింది. నాకు కళ్ళు చెమర్చాయి.

"యాలమ్మా ఏడుస్తాండావు? చెడిపోయిందా?"

"లేదు చిన్నమ్మా. లోపల ఆగిపోయింది. ఇప్పుడు పైపైనే పోతాండాది."

"పోనీలే, యాడో ఒకచోట పోతాండాది గదా!" అంటూ నా వీపు నిమిరింది.

మేడం వచ్చి ఆ గీతను చాలాసేపు చూశారు. "బాగుండాది. ఇంకో పొర తీసి మళ్ళీ కొలువు" అన్నారు. ‘మళ్ళీనా?’ అన్నట్టు చిన్నమ్మ మొహం చిట్లించి ఆమెకేసి చూసింది.