జరీ గుడ్డ కట్టిన మోకాలు

దయ్యాలూ గాలి సోకడాలూ నేను నమ్మను. ఇదంతా చదివాక కూడా నన్ను నమ్మేవాళ్లలో కలపొద్దు. మా వీధిలో ఎవరైనా ఒళ్లు వెచ్చబడిందని తాయెత్తు కట్టించుకోవడానికి బయల్దేరితే, ముందు డాక్టరు దగ్గరికి పోండని చెప్పి తిట్లు తిన్న మనిషిని నేను. ధర్మవరంలో ఒక ప్రైవేటు బడిలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను. లెక్క తేలకపోతే నాకు అన్నం సయించదు.

అందుకే నా కాలికి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను ఎక్కడైనా పొరబడ్డానేమో మీరే చూడండి.

మాది హిందూపురం. మా నాయన పట్టుగూళ్ల నుంచి దారం తీసే చోట పనిచేసేవాడు. నాకు పట్టు తెలుసు కానీ మగ్గం తెలీదు. పెళ్లయ్యేదాకా, నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంతలో కాలు పెట్టలేదు, పెళ్లయ్యాక కూడా పెట్టలేదు.

తొంభైల చివర్లో నన్ను ధర్మవరం ఇచ్చారు. నాకు అది మొదటి పెళ్లి, ఆయనకు రెండోది. మొదటి భార్య సరోజ కామెర్లొచ్చి పోయింది. పిల్లల్లేరు. ఆయన మంచి నేతగాడు, తాగడు, చెయ్యెత్తడు. మా అమ్మకు అంతకంటే ఏం కావాలి?

నాకు కావలసింది వేరే ఉండేది. ఆ ఇంట్లో ఏ మూలకు పోయినా సరోజే. సరోజ రసం పెడితే వీధంతా వాసన వచ్చేదంట. సరోజ నేసిన అంచుకు షావుకారు వంక పెట్టలేదంట. మా అత్త చెడ్డది కాదు, ఆమె నోట్లోంచి ఊరికే అట్లా వచ్చేస్తుంది. బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకోవచ్చు. చచ్చిపోయినామెతో ఏం పోట్లాడతాం? ఆమె కూర మాడదు, ఆమె తల నెరవదు, ఆమె ఎవర్నీ ఒక మాట అనదు. నేను మాత్రం పొద్దున లేస్తే ఏదో ఒకటి అంటూనే ఉంటాను.

అన్నిటికంటే కష్టం పెద్దల పండగ. ఏటా ఆ రోజుకు ఆయన తన చేత్తో ఒక చీర నేసి సరోజ ఫోటో ముందు పెడతాడు. పూజయ్యాక ఆ చీర రెండో భార్య కట్టుకోవాలి. అది మా ఇళ్లల్లో పద్ధతి. నాకంటూ ఆయన ఒక్క చీర నెయ్యలేదు. అందరూ నన్ను చూసి, ఎంత మంచి చీర నేశాడే నీ మొగుడు అనేవాళ్లు. నేను నవ్వేదాన్ని. లోపల కుతకుత ఉడికేది.

ఇక మోకాలి సంగతి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పుట్టింటికి పోతూ పెనుకొండ బస్టాండులో బస్సు దిగాను. కాలు జారి మోకాలి మీద పడ్డాను. చిప్ప విరిగింది. హిందూపురంలో ఆపరేషన్ చేసి ముక్కలను తీగతో కట్టారు. కొన్ని వారాలు అమ్మ దగ్గరే ఉన్నాను. కట్టు విప్పాక చూస్తే తొడ చిక్కిపోయింది, మోకాలు కర్రలాగా బిగుసుకుపోయింది. వంచబోతే ప్రాణం పోయేంత నొప్పి.

డాక్టరు పెనుకొండలో ఒక ఫిజియోథెరపీ మేడమ్ దగ్గరికి పంపాడు. చిన్న వయసే, ఓపిక ఎక్కువ. అరచేతిలో పట్టేంత మిషన్ ఒకటి తీసింది. ఎర్ర తీగ, నల్ల తీగ, వాటి చివర రెండు నల్లటి రబ్బరు బిళ్లలు. బిళ్లలకు జిగురులాంటిది పూసి మోకాలికి అటూ ఇటూ అంటించి, ప్లాస్టరు వేసి, మిషన్ మీది మరను మెల్లగా తిప్పింది. చీమలు పాకినట్టు జిలజిల మొదలైంది. నొప్పి వార్త పైకి పోయే దారిలో ఈ జిలజిల గుంపుగా వచ్చి అడ్డం నిలబడుతుందని, అప్పుడు నొప్పి తెలీదని చెప్పింది. ఆ సందులో మోకాలు వంచుతూ పోవాలి. నిజంగానే తేలికైంది. ఇంట్లో పెట్టుకోమని మిషన్ నాకే ఇచ్చింది. లోపల ఉండేది చిన్న చదరపు బ్యాటరీ, ఇంటి కరెంటుతో పనే లేదు.

అమ్మ ఇంట్లో రోజూ పెట్టుకున్నాను. జిలజిల తప్ప ఇంకేమీ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

తర్వాత ధర్మవరం వచ్చేశాను. మెట్లు ఎక్కలేనని నా మంచం కింద నడవలో వేశారు. ఆ నడవలో రెండు మగ్గం గుంతలు ఉండేవి. ఒకటి మా ఆయనది. రెండోది సరోజది. ఆమె పోయాక దాన్ని బండలతో మూసేశారు. నా మంచం ఆ బండల మీదే పడింది. ఇంకెక్కడా చోటు లేదు.

ప్లాస్టరు పడక నా చర్మం మీద దద్దుర్లు లేచాయి. మా ఆయన చూసి మేడ మీదికి పోయి ఒక గుడ్డ పేలిక తెచ్చాడు. బిళ్లలు కదలకుండా మోకాలి చుట్టూ దాన్ని కట్టి, మిషన్ వేసి, పోయి తన గుంతలో కూర్చున్నాడు. మధ్యాహ్నం వేళ. మా అత్త కాఫీ తెస్తోంది.

నా కాలి బొటనవేలు కదిలింది.

నేను కదిలించలేదు. ఒకసారి నిదానంగా దిగింది, వెంటనే రెండుసార్లు గబగబా దిగింది. కాస్త ఆగి మళ్లీ అదే వరస. ఆపాలని చూశాను, ఆగలేదు. నొప్పి మాత్రం లేదు.

మా అత్త గ్లాసు కింద పెట్టేసింది. "ఒరే, ఇట్లా రారా! సరోజ కాలు రా ఇది!" అని అరిచింది.

ఆయన మగ్గం ఆపి వచ్చాడు. నా కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఆ వేలు వైపే చూశాడు. పెళ్లయినప్పటి నుంచి నా ముఖాన్ని ఆయన అట్లా చూసింది లేదు.

సంగతి మా అత్త చెప్పింది. నేసేటప్పుడు పోగు తెగితే మగ్గం ఆపి అతికించాలి. సరోజ చేతులు పోగు అతికిస్తుంటే, కాలి బొటనవేలు ఊరుకోకుండా మగ్గం తొక్కే చెక్క మీద తాళం కొట్టేదంట. ఒకటి నిదానం, రెండు గబగబా. పోగు అతికేదాకా కొడుతూనే ఉండేదంట. వంటింట్లో ఆ చప్పుడు వినబడితే, పోగు తెగిందని మా అత్తకు తెలిసిపోయేదంట.

ఈ అలవాటు గురించి అంతకుముందు నాకెవరూ చెప్పలేదు. సరోజ గురించి చెప్పని విషయమే లేని ఇంట్లో ఇదొక్కటీ నా చెవిన పడలేదు. పడి ఉంటే నాకు గుర్తుండేది. ఆమె మీద నాకున్న కోపానికి ఆమెను గురించిన ఒక్క మాట కూడా నేను మర్చిపోలేదు.

ఆ వారం మా ఆయనతో కలిసి మేడమ్ దగ్గరికి పోయినప్పుడు అంతా చెప్పాను. ఆమె బిళ్లలు పెట్టి ఎంతసేపు చూసినా వేలు కదల్లేదు. దేంతో కడుతున్నారని అడిగింది. సంచిలోంచి ఆ గుడ్డ తీసి చూపించాను. పట్టుచీర అంచు, నిండా జరీ.

"జరీ అంటే తీగ కదమ్మా! కరెంటు యాడికంటే ఆడికి పాకిపోతాది. బాగానే కట్టినారు మీ ఇంట్లో" అని తిట్టి, నూలు పట్టీ ఒకటి ఇచ్చింది.

లెక్క తేలిపోయిందని ఎంత సంతోషమో నాకు! నేతగాళ్ల ఇంట్లో కట్టు కట్టాలంటే చేతికొచ్చేది జరీ గుడ్డే మరి. బస్సులో వస్తూ దారి పొడుగునా మా ఆయనకు కరెంటు పాఠం చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ముఖం వాడిపోయింది. అది చూసి నా సంతోషం సగం చచ్చింది.

ఆ గుడ్డ ఎక్కడిదో ఇంటికొచ్చాక అత్త చెప్పింది. సరోజ పోయేనాటికి మగ్గం మీద సగం నేసిన చీర ఉందంట. ఎవరైనా కూర్చుని పూర్తి చేస్తారు, అది ఎక్కడైనా జరిగేదే. ఈయన ఎవర్నీ కూర్చోనివ్వలేదు. కోసి, మడిచి, మూట కట్టి దాచుకున్నాడు. ఎక్కడ దాచాడనుకున్నారు? నా చీరల పెట్టెలో, నా చీరల అడుగున. నా మోకాలికి కట్టింది దాని అంచే. నాకు ఒళ్లు భగ్గుమంది.

ఆ పూట నూలు పట్టీ కట్టి మిషన్ వేశాను. ఆయనకు చూపించాలనే వేశాను. వేలు తాళం వేసింది. జరీ పోగు ఒక్కటి లేదు, బిళ్లలు మోకాలి దగ్గర ఉన్నాయి, వేలు అంత దూరాన ఉంది. ఒకటి నిదానం, రెండు గబగబా.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఆయన మగ్గం ఆపి నా దగ్గరికి వచ్చేవాడు. "కరెంటు పెట్టుకుందామా?" అని అడిగేవాడు, సినిమాకు పోదామా అన్నంత ఆశగా. బిళ్లలు తనే కడిగేవాడు, పట్టీ తనే కట్టేవాడు. వీధిలో ఆడవాళ్లు చూసి, పెళ్లాం కాళ్ల దగ్గర కూర్చునే మొగుడు ఎవరికి దొరుకుతాడే అని ముక్కున వేలేసుకునేవాళ్లు. సొంత కాలిని చూసి కుళ్లుకున్న ఆడది లోకంలో నేనొక్కదాన్నేనేమో. ఆ వేలును కోసి పారెయ్యాలనిపించేది. కానీ ఆయన అంతసేపు నా పక్కన కూర్చునేది కూడా ఆ వేలు పుణ్యానే. అది ఆగిపోతే ఆయన లేచిపోతాడు. ఆగకపోతే నా కాలు సరోజది అయిపోతుంది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఏమయ్యా, ఈ మిషన్ ఎవురి కోసం? నా మోకాలి కోసమా?"

ఆయన పట్టీ ముడి సర్దాడు. నేను మిషన్ తీసి డబ్బాలో పెట్టేశాను.

కొన్నాళ్లు ముట్టలేదు. మోకాలు మళ్లీ బిగుసుకుంది. వంచలేక, నొప్పికి ఏడుస్తూ గోడ పట్టుకుని నడిచేదాన్ని. ఇట్లాగే వదిలేస్తే కాలు జన్మలో వంగదని మేడమ్ గట్టిగా చెప్పింది. బడిలో పిల్లల ముందు కుంటుతూ నిలబడటం తలుచుకుంటే భయమేసింది. మిషన్ పెట్టుకోక తప్పదు. కానీ అంతకంటే ముందు ఇది ఉత్త కరెంటు అని ఆయనకు రుజువు చెయ్యాలి.

ఆదివారం మధ్యాహ్నం అత్త గుడికి పోయింది. నేను మిషన్‌లోని బ్యాటరీ తీసి కొంగున ముడేసుకున్నాను. బ్యాటరీ లేకపోతే దాని మీది చిన్న దీపం వెలగదు కాబట్టి మిషన్‌ను దిండు చాటున పెట్టాను. ఆయన్ను పిలిచాను. పట్టీ కట్టాడు. మర తిప్పినట్టు నటించాను. వేలు కదలకపోతే ముడి విప్పి చూపించి, ఇదిగో నీ సరోజ అనాలని నోట్లో మాట సిద్ధంగా పెట్టుకున్నాను.

జిలజిల లేదు. చీమ పాకినట్టు కూడా లేదు. కానీ వేలు దిగింది. ఒకటి నిదానం, రెండు గబగబా. ఈసారి పాదం కూడా కదిలింది, మడమ మంచం పట్టెకు తగిలి చప్పుడైంది. బిగుసుకున్న మోకాలు దానంతటది వంగబోయి, కుట్ల దగ్గర సలుపు లేచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన నా ముఖం చూశాడు. మొదటిసారి, వేలు ఆడుతుండగా, వేలును కాకుండా నన్ను చూశాడు. తర్వాత నా పాదం మీద చెయ్యి వేశాడు.

"పోగు అతికింది లే, సరోజా. ఇంక కాలు ఆపు. ఈమెకు నొప్పి అయితాండాది."

వేలు ఆగింది.

ఆయన చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తీశాక, ఆ చేతినే నా ముందు చాపాడు. "బ్యాటరీ ఇట్లియ్యి. కరెంటు పెట్టుకో. నీ మోకాలు బాగుపడాల" అన్నాడు.

కొంగు ముడి చూశాడో, మిషన్ బరువులో తేడా తెలిసిందో నేను అడగలేదు. బ్యాటరీ వేశాక జిలజిల మోకాలిలోకి వచ్చింది. వేలు కదల్లేదు. ఆ పూట నా మోకాలు వంచింది ఆయనే, కొంచెం కొంచెంగా, నొప్పి ఉందా అని నన్నే అడుగుతూ.

మళ్లీ ఎప్పుడూ వేలు తాళం వెయ్యలేదు. మోకాలు బాగైంది. మెట్లెక్కుతాను, బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను. జరిగింది మేడమ్‌కు చెబితే, ఆపరేషన్ తర్వాత నరాలు ఒక్కోసారి అదురుతాయి అంది. అదురుతాయి, ఒప్పుకుంటాను. చచ్చిపోయిన మనిషి అలవాటు నా నరాలకు ఎవరు నేర్పారు? మాట చెప్పగానే ఎందుకు ఆగాయి? ఇన్నేళ్లయినా ఈ లెక్క నాకు తేలలేదు.

ఆ ఏడు పెద్దల పండక్కి ఆయన రెండు చీరలు నేశాడు. ఒకటి ఫోటో ముందు పెట్టాడు. రెండోది తెచ్చి నా చేతికిచ్చాడు, ఇది నీదేనన్నాడు. వీధంతా తిరిగి చూపించుకున్నాను.

అయినా ఏటా ఆమెకు పెట్టిన చీర కట్టుకునేది నేనే. కుచ్చిళ్లు సర్దుకుంటూ వంగినప్పుడు నా చూపు బొటనవేలి మీదికి పోతుంది. అది కదలదు. సంతోషంగా తలెత్తి చూస్తే, గుమ్మంలో నిలబడి మా ఆయన కూడా ఆ వేలు వైపే చూస్తుంటాడు. నాకు మళ్లీ ఒళ్లు మండుతుంది.