కరెంటు లేకపోయినా పలికే గిటారు

ఈ రోజు మధ్యాహ్నం మా ఎమ్మిగనూరులో కరెంటు పోయింది. వసారాలో కూర్చుని, ఆంప్లిఫయర్ లేకుండానే నా ఎలక్ట్రిక్ గిటారు మీటుతున్నాను. లోపల బోలుగా ఉండే రకం కాబట్టి అలా కూడా మెత్తగా పలుకుతుంది.

పక్కింట్లో చేతిమగ్గం చప్పుడు ఆగింది. నేతపని చేసే ఈరన్న వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"కరెంటు పెట్టె లేకుంటే ఇది పలకదంటివి గదప్పా?" అన్నాడు.

మంచం పట్టిన ఆయన భార్య, తన పక్కన కూర్చుని ఒక్కసారి వాయించమని అడిగినప్పుడు, ఆ పెట్టె మోసుకు రాలేనంటూ బద్ధకించి నేను చెప్పిన అబద్ధమది. ఆమె పోయి నెల దాటింది.

"తప్పయిందన్నా" అన్నాను.

"పోనీలేప్పా. ఇప్పుడన్నా వాయించు, ఇంటాను" అంటూ మెట్టు మీద కూర్చున్నాడు.

వాయించాను. చాలాచోట్ల తప్పులు పోయాయి. ఆయన కదలకుండా విన్నాడు. పక్కింటికి నాలుగడుగులు వేయడం నాకు అప్పుడెందుకు బరువైందో, మీకేమైనా తెలిస్తే చెప్పండి.