పట్టు పడుగు మీద పాత బర్మా

లాక్‌డౌన్లు ముగిసి తరగతులు మళ్ళీ మొదలైన ఏడాది జూన్‌లో నన్ను మదనపల్లె నుంచి కుప్పానికి బదిలీ చేశారు. అక్కడి ఒక వృత్తి శిక్షణ కేంద్రంలో వడ్రంగం ట్రేడుకు సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌ని. వినడానికి పెద్ద పేరే గానీ నా పైన ట్రైనింగ్ ఆఫీసరు, ఆయన పైన ప్రిన్సిపాలు ఉండేవారు. నా కింద ఉన్నవి బెంచీలు, రంపాలు, పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు. కాపురం మాత్రం మదనపల్లెలోనే ఉంచాను. శనివారం సాయంత్రం బస్సెక్కి పలమనేరు, పుంగనూరు మీదుగా ఇల్లు చేరడం, సోమవారం పొద్దున్నే మళ్ళీ కుప్పం దారి పట్టడం. పదవీ విరమణ అయ్యేదాకా నా వారం అలాగే నడిచింది.

కుప్పంలో చార్జి తీసుకున్నాక స్టోరు చూశాను. కరెంటు డ్రిల్లులు మెరిసిపోతున్నాయి. చేత్తో తిప్పే బర్మా ఒక్కటీ లేదు. మా వైపు వడ్రంగులు చేత్తో తిప్పి బెజ్జం వేసే పనిముట్టు దేన్నైనా బర్మా అంటారు. వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది రాచెట్ బ్రేస్. పైన గుండ్రటి పిడి, దాన్ని ఎదురు రొమ్ముకు ఆనించి నొక్కాలి. మధ్యలో వంకీ తిరిగిన కడ్డీ, దాన్ని పట్టుకుని తిప్పాలి. కింద బెజ్జం తొలిచే బిట్టును బిగించే దవడలు. దవడల పైన ఒక చిన్న పెట్టెలో పళ్ళచక్రం, దాని పళ్ళలో పడి ఒక వైపే తిరగనిచ్చే రెండు నాలికలు ఉంటాయి. గోడ అడ్డమొచ్చి కడ్డీ పూర్తిగా తిరగని చోట పావు చుట్టు తిప్పి, ఖాళీగా వెనక్కి తెచ్చి, మళ్ళీ పావు చుట్టు తిప్పవచ్చు. ఆ వెనక్కి వచ్చేటప్పుడు టకటకమనే చప్పుడు వింటూనే నేను పని నేర్చుకున్నాను. కరెంటు డ్రిల్లు మీద నాకు పగేమీ లేదు. కానీ కొయ్య ఎంత గట్టిదో, పొర ఎటు పోతోందో చేతికి తెలియకుండా బెజ్జం వేసేవాణ్ణి వడ్రంగి అనడానికి నాకు నోరు రాదు. పిల్లలకు ఒక్క బ్రేస్ అయినా చూపించాలని పట్టుబట్టాను.

కొత్తది కొనాలంటే ఇండెంటు పెట్టాలి, అంటే ఫలానా సామాను కావాలని పైకి రాసుకోవడం. రాశాను. ఈ రోజుల్లో ఇదెందుకయ్యా అని ట్రైనింగ్ ఆఫీసరు నవ్వారు. సరే, నా తిప్పలు నేనే పడతానని పాతినుము అంగళ్ళ వెంట పడ్డాను. కుప్పంలో కాలిపోయిన మోటార్లు తప్ప ఏమీ దొరకలేదు. శనివారాలు పుంగనూరులో దిగి, అంగళ్ళన్నీ గాలించి, తరువాతి బస్సుకు పోయేవాణ్ణి. బట్టల నిండా తుప్పుతో ఇంటికొస్తే మా ఆవిడ వసుంధర గడప దగ్గరే ఆపేసేది.

చివరికి రెడ్డెప్ప అనే ఆయన అంగట్లో కనబడింది. చూరుకు వేలాడుతోంది, దానికి రెండు గోనెసంచులు తగిలించి ఉన్నాయి. ఒళ్ళంతా ఆకుపచ్చ ఎనామిల్ రంగు. ఏ తనిఖీకి భయపడి పూశారో గానీ దవడల లోపల కూడా పూసేశారు. సంతోషం బయటపడకుండా ముఖం మామూలుగా పెట్టి, అదేమిటప్పా అని అడిగాను.

"కారు జాకీ తిప్పే కడ్డీ గదా సార్," అన్నాడు రెడ్డెప్ప. "సంచులు తగిలించేదానికి బాగుండాది. అది తీసకపోతే నా సంచులు యాడ పెట్టేది?"

సంచులకు వేరే కొక్కెం తెచ్చిస్తానని మాటిచ్చి బ్రేస్ దింపించుకున్నాను. అదే అంగట్లో ఇనుప ముక్కల కుప్పలో ఒక ఆగర్ బిట్టు కూడా దొరికింది. మెలి తిరిగిన బిట్టు, కొసన సన్నటి మర ఉంటుంది. ఆ మర కొయ్యను కరుచుకుని బిట్టును తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. బస్సులో ఆ రెండింటినీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్నాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

మదనపల్లెలో మా వరండాలో దాన్ని విప్పాను. రంగు గీకేసరికి మంచి ఉక్కు బయటపడింది. రాచెట్ మాత్రం కదలలేదు. పెట్టె మూత తీస్తే లోపల ఎర్రటి మడ్డి, రాయిలా గట్టిపడింది. తుప్పేమో అనుకున్నాను. సూదితో పెళ్ళగించి వాసన చూస్తే గంధం. కుంకుమ, పసుపు, గంధం, హారతి మసి, పొర మీద పొర. ఏటేటా ఆయుధ పూజకు తడి గంధం దండిగా పూసి, మర్నాడు తుడవకుండా పెట్టేశారు. అది పళ్ళలోకి దిగి నాలికలను బిగబట్టింది. బ్రేస్ చెడిపోయిందని తీసి పారేశారు. పూజ చేయొద్దని నేను ఏనాడూ అనలేదు, నేనూ చేస్తాను. కానీ బొట్టు పిడికి పెట్టాలి గానీ పళ్ళచక్రానికి కాదు. ఇది మన దేశపు వర్క్‌షాపుల్లో తప్ప ఇంకెక్కడా రాని జబ్బు.

కిరసనాయిలు పోసి కడగబోతుంటే వసుంధర వచ్చి చూసింది. దేవుడికి పెట్టిన కుంకుమను కాలవలో పోస్తారా అని నా మీద లేచింది. నందివర్ధనం చెట్టు మొదట్లో వేయమంది. కిరసనాయిలుకు చెట్టు చస్తుందన్నాను. అయితే ముందు పొడిగా గీకి ఇచ్చి, తరువాత మీ ఇష్టమొచ్చినట్టు కడుక్కోండని తీర్పు చెప్పింది. అలాగే చేశాను. ఒక పూటలో అయ్యే పని రెండు వారాంతాలు పట్టింది. ఆగర్ బిట్టుకు సన్నటి ఆకురాయితో పదును పెట్టాను. దాని అంచు కోరలను లోపలి వైపే రాయాలి. బయటి వైపు రాస్తే బెజ్జం ఇరుకై బిట్టు అందులోనే బిగుసుకుంటుంది. అంతా అయ్యాక నూనె పట్టించి కడ్డీ తిప్పితే టకటకమంది. ఎన్నేళ్ళయింది ఆ చప్పుడు విని! కళ్ళు చెమర్చాయని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఆ ఆదివారమే సరోజమ్మ కబురు పంపింది. సరోజమ్మది మదనపల్లెను ఆనుకున్న నేతగాళ్ళ పేట నీరుగట్టువారిపల్లె, వసుంధరకు చాలా కాలంగా పరిచయం. పెళ్ళయినప్పటి నుంచి, పట్టు ఇచ్చి నేయించుకునే మాస్టర్ వీవరు దగ్గర కూలికి నేసిన మనిషి. మొట్టమొదటిసారి సొంత పట్టు తెచ్చుకుని, సొంత పడుగు, అంటే నిలువు పోగులు, మగ్గానికి ఎక్కించింది. చీర సగం నేసింది. అంతలో మగ్గం పైన జకార్డు పెట్టెను మోసే నిలువు కొయ్య, బోల్టు దగ్గర చీలింది. జకార్డు అంటే అట్టల్లో ఉన్న బెజ్జాలను బట్టి పోగులు లేపి చీరకు బుటా తెచ్చే యంత్రం. అది ఒక పక్కకు ఒరిగి, రేపో మాపో పడుగు మీద పడేలా ఉంది.

నేను వెళ్ళేసరికి వీధి వడ్రంగి నాగరాజు అక్కడే ఉన్నాడు. మంచి పనివాడు. చీలికకు రెండు పక్కలా ఇనుప పట్టీలు వేసి, కింద గట్టి కొయ్యలో కొత్త బెజ్జం చేసి బోల్టు బిగించాలన్నాడు. నిజమే. అయితే కరెంటు డ్రిల్లు అదురుకు జకార్డు ఇంకా జారుతుంది, దాని గాలికి పొట్టు పట్టు మీద పడుతుంది, అవతలి వైపుకు బిట్టు దూసుకొచ్చేటప్పుడు పెచ్చు ఎగిరి పోగులు తెగుతాయి. అందుకని పడుగు కోసి పక్కన పెట్టమన్నాడు. కోస్తే చీర సగంలో ఆగిపోతుంది. సరోజమ్మ మళ్ళీ కూలి మగ్గానికి పోవాల్సిందే. ఆమె ఏడవలేదు గానీ, మగ్గం పలక మీద నుంచి లేవనూ లేదు.

నా దగ్గర చేతి బర్మా ఉందని, అదురు లేకుండా బెజ్జం వేస్తానని చెప్పాను. నిలువు కొయ్య గోడకు ఆనుకునే ఉంది, కడ్డీ పావు చుట్టుకు మించి తిరగదు. రాచెట్ పుట్టిందే అలాంటి చోటు కోసం. ఇంటికి పోయి బ్రేస్ తెచ్చి కాస్త గర్వంగానే ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. తెల్లటి పాత పంచె ముక్క ఒకటి నేల మీద పరిచింది.

"దీని మింద ఒక తూరి తిప్పండి సార్."

తిప్పాను. గుడ్డ మీద నూనె చుక్క పడింది. పట్టు మీద పడితే ఏ సబ్బుకూ పోని చుక్క. నాకు చిరాకు వచ్చింది. ఇన్నేళ్ళు పనిముట్లతో బతికినవాడిని, ఒకరి చేత పరీక్ష పెట్టించుకోవడమా అనిపించింది. అయినా బయట అరుగు మీద కూర్చుని మళ్ళీ విప్పాను. పెట్రోలుతో నూనె ఆనవాలు లేకుండా తుడిచి, ఎండలో ఆరబెట్టి, బిట్టుకు మాత్రం కొవ్వొత్తి మైనం రాశాను. రాచెట్ పొడిగా, గరగరమంటూ తిరిగింది. మళ్ళీ గుడ్డ మీద తిప్పితే శుభ్రంగా ఉంది. ఆమె తలూపింది.

పడుగు మీద మందపాటి దుప్పటి కప్పి అంచులు కట్టాం. జకార్డును తాళ్ళతో దూలానికి వేలాడగట్టాం. నేను పిడిని రొమ్ముకు ఆనించి పావు చుట్టు, పావు చుట్టుగా తిప్పసాగాను. నాగరాజు పక్క నుంచి బిట్టు మట్టం చూస్తూ, అవతలి వైపు కొయ్య మీద వేలు పెట్టి నిలబడ్డాడు. ఆగర్‌తో బెజ్జం వేసేటప్పుడు ఒక వైపు నుంచే తోసెయ్యకూడదు. మర కొస అవతల వేలికి తగలగానే ఆపి, బిట్టు బయటికి తీసి, ఆ గుర్తు పట్టుకుని అవతలి వైపు నుంచి మొదలుపెట్టాలి. అప్పుడే పెచ్చు లేవదు. కొస తగిలిందని నాగరాజు చెప్పాడు. ఆపాను.

అవతలి వైపు అంటే పడుగు మీదికి వంగాలి. బిట్టు కొద్దిగా దిగాక, పొడిగా ఉన్న రాచెట్‌లో ఒక నాలిక జారింది. కడ్డీ విసురుగా తిరిగి నా మోచెయ్యి కొయ్యకు కొట్టుకుంది. జకార్డు గడగడలాడింది.  ఇక్కడితో ఆపేద్దాం సరోజమ్మా, ఇది నమ్మదగ్గ వస్తువు కాదని చెప్పాను. ఆమె దుప్పటి అంచు విప్పి, పోగుల మీద అరచెయ్యి పోనిస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. ఒక్క పోగూ తెగలేదు.

"ఆపితే మాత్రం ఏముండాది సార్, నాకు? పడుగు నాది. నేను సెప్తాండాను, కానీండి."

నాలికను బొటనవేలితో నొక్కి పట్టుకుని మిగతాది తిప్పాను. రెండు వైపుల బెజ్జాలూ కలిశాయి. నాగరాజు పట్టీలు పెట్టి బోల్టు బిగించాడు. దుప్పటిని నలుగురం నాలుగు మూలలా పట్టుకుని, పొట్టు ఒలకకుండా బయటికి మోశాం. నలుగురిలో వసుంధర కూడా ఉంది, ఎప్పుడొచ్చిందో నేను చూడనే లేదు. సరోజమ్మ కూర్చుని పేక పోగున్న నాడెను అటూ ఇటూ వేసింది. కొద్దిగా నేసి, వంగి బుటా సరిగ్గా పడిందో లేదో అడుగు వైపు నుంచి చూసుకుంది. లేచి లోపలికెళ్ళి మా అందరికీ కాఫీ పెట్టింది.  

సోమవారం బ్రేస్‌ను కుప్పం తీసుకెళ్ళి, పాత గడియారం స్ప్రింగు ముక్కతో నాలికకు కొత్త బలం ఇచ్చాను. తరువాత పిల్లలూ నేనూ కలిసి చాలా పనిముట్లు తెచ్చి బాగుచేశాం. నా వరండాలో టకటకమన్నప్పుడే బ్రేస్ బాగుపడిందని నేను తేల్చేసుకున్నాను. అలా తేల్చడానికి నాకు అధికారం లేదని ఆ ఆదివారం తెలిసింది. అందుకే బాగయింది సార్ అని ఎవరైనా పనిముట్టు తెచ్చి చూపిస్తే, ఎవరి కొయ్య మీద పెట్టి చూశావని అడిగేవాణ్ణి. మన షెడ్డులో చెత్త పలక మీద సార్ అంటే, అయితే ఇంకా కాలేదు, చెడితే బాధపడే మనిషి దగ్గరికి తీసుకుపొమ్మని పంపేవాణ్ణి.