ఒక అరిసె కోసం ఎలమంచిలి దాకా

ఆపరేషన్ అయిన మూడో ఏడు నా బరువు మళ్లీ పైకి పాకడం మొదలుపెట్టింది. నూట పన్నెండు నుంచి అరవై ఎనిమిదికి దిగినదాన్ని, ఈ వేసవికి డెబ్బై రెండు దగ్గర నిలబడ్డాను. విందులు తిని పెరగలేదు. వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా నోట్లో వేసుకున్న కారప్పూస, ఎవరూ చూడకుండా టీలో ముంచుకున్న సగం బిస్కెట్టు, వీటితో పెరిగాను. "మేము కోసింది కడుపుని, నాలుకని కాదు" అంది ఆసుపత్రిలో ఆహారం సంగతి చూసే అమ్మాయి. నేను ఊరుకుంటానా? "అయితే చచ్చేదాకా తీపి ముట్టుకోవద్దంటారా?" అని అరగంట వాదించాను. చివరికి ఒప్పందం కుదిరింది. నెలకు ఒక్కటి. ఏది తినాలో ముందే ఎంచుకోవాలి. గుడ్డో పప్పో పడ్డాకే, కూర్చుని, నమిలి నమిలి, ఇరవై నిమిషాలు తినాలి. ఆ ఒక్కదానితో ఆగగలిగితే పెళ్లిళ్లకీ పండగలకీ అందరిలా తిరగొచ్చు. ఆగలేకపోతే ఇక ఏ శుభకార్యానికీ గడప దాటకూడదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఈ నెలకు అరిసెని ఎంచుకున్నాను. ఎలమంచిలిలో మా తోడికోడలు పార్వతి కొడుక్కి పెళ్లయింది. కొత్తకోడలు సంధ్య పుట్టింటి నుంచి సారె తెస్తోంది, వీధంతా పంచాలి, పెద్ద తోడికోడలిగా నేను వెళ్లాలి.

ఉదయం ఆరున్నరకు మధురవాడలో సిటీ బస్సెక్కాను. ఆ వేళకి సీటు దొరుకుతుంది, ఎనిమిది దాటితే కంపెనీల్లో పనిచేసే పిల్లలతో నిలబడే చోటు కూడా ఉండదు. స్టేషన్‌కి వెళ్లి, టికెట్ కోసం వరసలో నిలబడి, ఎనిమిదింటి ప్యాసింజర్ పట్టుకున్నాను. గంటన్నర ప్రయాణం. నా వంటివాళ్లు తిండి వెంట తెచ్చుకోవడం మంచిది. ప్లాట్‌ఫాం మీద ఇడ్లీలు, వడలే తప్ప మనకు పనికొచ్చేవి ఉండవు. దువ్వాడ దగ్గర డబ్బా తెరిచి ఉడికించిన గుడ్డు తీశాను.

ఎదురుగా సముద్రం పక్క ఊరి ఆమె, ఖాళీ చేపల తట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని, నన్నే చూస్తోంది.

"ఏటమ్మా, గుడ్డునట్టా నవుల్తన్నావు? పళ్లు నొప్పా?"

"పళ్లు బాగానే ఉన్నాయి. కడుపే కోయించుకున్నాను, లావు తగ్గడానికి."

"లావుకి కోయించుకుంతారేటి!" అని పగలబడి నవ్వింది. "మాకు పది రోజులు సముద్రంలో సేపల యేట లేకపోతే సాలు, డాకటేరూ అక్కర్లేదు, కత్తీ అక్కర్లేదు."

దేనికైనా ఎదురు మాట అనగలనని నాకు పేరు. ఆ పూట మాత్రం మిగిలిన గుడ్డు అనకాపల్లి దాటేదాకా నములుతూ కూర్చున్నాను.

తొమ్మిదిన్నరకు ఎలమంచిలిలో దిగాను. స్టేషన్ బయట ఆటోలు ఉంటాయి, బేరం ముందే ఆడుకోవాలి. పార్వతి గుమ్మంలోనే పట్టుకుంది. "వచ్చీసినావా అక్కా! ఓలమ్మ, ఇంకా సిక్కిపోనావేటి!" నాలుగు కిలోలు పెరిగానని చెబుదామనుకుని మానేశాను. ఆ అబద్ధం నాకు నచ్చింది.

ముందు గదిలో గంపల నిండా అరిసెలు, లడ్డూలు, జంతికలు. ఇంటికి రెండు అరిసెలు, ఒక లడ్డూ, గుప్పెడు జంతికలు లెక్కన సంధ్యతో కలిసి ఒంటిగంట దాకా గడప గడపా తిరిగాం. దారిలో ఒక్క నలుసు నోట్లో పడనివ్వలేదు. భోజనంలో పప్పు, చేప ముక్క, రెండు ముద్దల అన్నం. అరగంట ఆగి, అరుగు మీద తీరిగ్గా కూర్చుని, "ఇప్పుడు నాకొక అరిసె పెట్టు" అన్నాను పార్వతితో.

పళ్లెంలో రెండు వచ్చాయి.

"ఒకటే అన్నాను."

"ఒంటి అరిసె ఎట్టకూడదక్కా, సారె కదేటి."

పక్కింటి ముసలావిడ అందుకుంది. "కొత్తకోడలు సారె రెండెట్టాల. ఒకటెడితే ఆ పిల్లకి మంచిది కాదు."

"ఎందుకు మంచిది కాదు?"

"మొగుడూ పెళ్లాం జంటగుండాల కదా."

"నా జంట మధురవాడలో ఉంది. రెండోది ఆయనకి పంపండి."

"నీతో మాటాడ్డానికి నా పళ్లు సాలవే తల్లీ" అంది ఆవిడ. అరుగంతా నవ్వింది. నాకు ఊపొచ్చింది. జంట అయితే పెట్టేవాళ్లది ఒకటీ తినేవాళ్లది ఒకటీ కావచ్చు కదా అన్నాను. మరి విధవలకు రెండెందుకు పెడుతున్నారని అడిగాను. ఆవిడ విసనకర్ర అందుకుని విసురుకోవడం మొదలుపెట్టింది. గెలిచానని పళ్లెం వైపు చూసుకుంటే రెండు అరిసెలూ లేవు. వేళ్లకు నువ్వులు అంటుకుని ఉన్నాయి.

నావంటి కడుపులో బెల్లం ఒక్కసారిగా పడితే ఆగదు, తిన్నగా పేగులోకి జారిపోతుంది. పది నిమిషాలకే ఒళ్లంతా చెమట. గుండె దడదడ. అరుగు అంచు పట్టుకుని అక్కడే పడుకుండిపోయాను. పార్వతి విసనకర్రతో విసురుతూ, "నానే బలవంతంగా ఎట్టీసినాను" అని ఏడుపు. ముసలావిడ దిష్టన్నది, ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. వీధిలో ఆడవాళ్లు పోగయ్యారు. వాళ్లలో ఎవరో గొంతు తగ్గించి అన్న మాట నాకు వినబడింది. "సారె తిన్నాదట. తిన్నెంటనే పడిపోనాదట."

గుమ్మం దగ్గర సంధ్య రంగు పాలిపోయి నిలబడి ఉంది. అత్తవారింటికి వచ్చిన మొదటి వారం. ఆ మాట ఇంకో నాలుగిళ్లు తిరిగితే ఈ వీధిలో ఆ పిల్ల ఏళ్ల తరబడి మొయ్యాలి. తప్పు ముసలావిడ మీదకి నెట్టడానికి నాకు అర నిమిషం చాలు, వాదన సిద్ధంగానే ఉంది. లేచి కూర్చున్నాను.

"అందరూ వినండి. సారెలో దోషం లేదు, దిష్టీ లేదు. నాకు ఆపరేషన్ అయింది, ఒకటి మించి తినకూడదు. వాదనలో పడి ఏం తింటున్నానో చూసుకోకుండా రెండూ మింగేశాను. తప్పు నాది."

ముసలావిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ మాటేదో ముందే సెప్పొచ్చు కదే. నానే ఒకటి తీసీద్దును." ఆమె అన్నది నిజమే. నా ఆపరేషన్ సంగతి దాచుకుని, ఊరి ఆచారాన్ని ఓడించడానికి కూర్చున్నాను.

గంటలో తేరుకున్నాను. అయిదింటి బండికి సంధ్యే స్కూటీ మీద దింపింది. ప్లాట్‌ఫాం మీద మెల్లగా అడిగింది. "అరిసెలు ఎలాగున్నాయి పెద్దత్తయ్యా? మాయమ్మ సొంతంగా సేసింది."

బాగున్నాయనడం ఎంతసేపు! కానీ ఆ పిల్ల మొహం చూసి అబద్ధం చెప్పలేకపోయాను. "తెలీదమ్మా. రెండూ తిన్నాను, ఒక్కటీ రుచి చూడలేదు."

ఆమె నా సంచీ సర్ది చేతికిచ్చింది. "అయితే ఈసారి ఒచ్చినప్పుడు సగమే ఎడతాను. తినీదాకా మాటాడకండి."

ఒప్పుకున్నాను. తల ఊపి బండెక్కాను.

తిరుగు బండిలో జనం తక్కువ. అనకాపల్లిలో పల్లీలవాడు వచ్చాడు, వెళ్లాడు. దువ్వాడ దాటాక ఉక్కు కర్మాగారం వైపు ఆకాశం ఎర్రబడింది. ఆకలి లేదు, బాధ మాత్రం ఉంది. ఆ బాధ రెండో అరిసె గురించి కాదు. నెల రోజులు ఎదురుచూసింది నా నోట్లోకి వచ్చి, నాకు తెలియకుండానే వెళ్లిపోయింది. కారప్పూసా సగం బిస్కెట్లూ కూడా ఇలాగే వెళ్లి ఉంటాయి.

ఇంట్లో కూర్చోమని నాకు నేను ఇచ్చుకున్న తీర్పు సింహాచలం స్టేషన్ దగ్గర కొట్టేశాను. ఎలమంచిలి బండిలో గంటన్నర ప్రయాణమే, ఎప్పుడైనా వెళ్లిరావచ్చు. నావంటి కడుపుతో శుభకార్యాలకు బయలుదేరే వాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే: గుమ్మంలో అడుగుపెట్టగానే మీ సంగతి చెప్పెయ్యండి. పళ్లెం చేతికొచ్చాక మాత్రం, ఎదుటివాళ్లు ఎంత తప్పుగా మాట్లాడినా సరే, గెలవనివ్వండి.